సొంత దేశంలో ఎంబసీ లేకపోతే టూరిస్ట్ వీసాకు ఏ దారి మేలు?

వెళ్లాలనుకున్న దేశానికి మీ దేశంలో ఎంబసీ లేదని తెలియగానే చాలామంది పక్క దేశంలో ఎంబసీ ఎక్కడుందో, అక్కడికి టికెట్ ఎంతో చూడటం మొదలుపెడతారు. అది చివర చూడాల్సిన దారి. ఉన్నవాటిలో ఖరీదైనదీ, ఎక్కువగా బెడిసికొట్టేదీ అదే.

వీసా కోసం సరిహద్దు దాటాల్సి వచ్చేవి నాలుగు: మీ వివరాలు, మీ వేలిముద్రలు, మీ పాస్‌పోర్టు, చివరగా మీరు. ఏ దారిలో వీటిలో ఎన్ని కదలాలో చూసుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే. వివరాలు పంపితే సరిపోయే చోట పాస్‌పోర్టు పంపకండి. పాస్‌పోర్టు పంపితే సరిపోయే చోట మీరు బయల్దేరకండి. దీనికి ఒక మినహాయింపు ఉంది, ఆ సందర్భం వచ్చిన చోట చెబుతాం.

మీ ఫైలు ఎవరి పరిధిలోకి వస్తుంది?

ఎంబసీ లేదంటే వీసా ఇచ్చేవాళ్లే లేరని కాదు. ఒకే రాయబారిని ఒకటికి మించిన దేశాలకు నియమించుకోవచ్చని 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందం చెబుతోంది. ఒక దేశం తరఫున మరో దేశపు కాన్సులేట్ పని చేసిపెట్టే వీలు 1963 నాటి కాన్సులర్ ఒప్పందంలో ఉంది. అందుకే మీ దేశంలో జెండా ఎగరకపోయినా, మీ ఊరి దరఖాస్తులు చూసే బాధ్యత ఎక్కడో ఒక కార్యాలయానికి అప్పగించే ఉంటుంది.

ఆ కార్యాలయం ఏదో మీ దేశంలోని ఎంబసీల జాబితా చూస్తే తెలియదు. వెళ్లాల్సిన దేశపు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో వీసా పేజీ తెరిచి, మీరు నివసించే దేశం పేరు ఎంచుకోండి. ఇక్కడ జాతీయత కంటే నివాసానిదే పైచేయి. మీ పాస్‌పోర్టు ఒక దేశానిది, చట్టబద్ధంగా ఉంటున్నది మరో దేశంలో అయితే, సాధారణంగా ఉంటున్న దేశాన్ని బట్టే పరిధి నిర్ణయిస్తారు. విదేశంలో నివాస అనుమతి ఉన్నవాళ్లకు ఈ సమస్యే ఉండకపోవచ్చు, చాలామంది అది గమనించరు.

పరిధి తెలిశాక ఆ కార్యాలయానికి చిన్న ఈమెయిల్ రాయండి. ఫలానా దేశంలో నివసించేవారి పర్యాటక దరఖాస్తు మీరే తీసుకుంటారా? వేలిముద్రలకు స్వయంగా రావాలా, లేక మా దేశంలో ఇచ్చే ఏర్పాటు ఉందా? పాస్‌పోర్టు కొరియర్‌లో పంపితే తీసుకుంటారా, తిరిగి కొరియర్ చేతికి ఇస్తారా? ఫీజు ఏ కరెన్సీలో, ఏ రూపంలో కట్టాలి? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. వచ్చిన జవాబును ప్రింటు తీసి దరఖాస్తు పైన పెట్టండి. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు అరుదుగా వచ్చే దేశాల నియమాలు గుర్తుండవు. సొంత కార్యాలయం రాసిన కాగితం చూపిస్తే వాదన అక్కడితో ఆగుతుంది.

పరిధిలోకి వచ్చే ఎంబసీ పక్క దేశంలో ఉన్నా, అక్కడ మీరు పరాయివారు కాదు. మీలాంటివాళ్ల కాగితాలు చూడటం వాళ్ల పనిలో భాగం. క్యూ తక్కువని ఎంచుకున్న ఏదో ఒక మూడో దేశంలోని ఎంబసీ అలా కాదు. మీ జీతం స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యోగ పత్రం అక్కడి అధికారికి కొత్త. నమ్మకం కలగకపోతే తిరస్కరించడమే వాళ్లకు తేలిక.

ఈ-వీసా: వివరాలు మాత్రమే వెళ్లే దారి

మీ జాతీయతకు ఈ-వీసా ఉంటే మిగతా దారులతో పోలికే అక్కర్లేదు. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవారికీ 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకు 50. కెన్యా 2024 జనవరిలో వీసాను పక్కనపెట్టి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతిని తెచ్చింది. భూటాన్‌కు ప్రపంచంలో ఎంబసీలున్నదే కొద్ది దేశాల్లో. అందుకే అక్కడ ఆన్‌లైన్ దరఖాస్తే రాజమార్గం. 40 డాలర్ల వీసా ఫీజు, రాత్రికి 100 డాలర్ల చొప్పున సుస్థిరాభివృద్ధి రుసుము ముందే కట్టాలి, అనుమతి లేఖ వస్తుంది. ఆస్ట్రేలియా 2015 నుంచి పాస్‌పోర్టులో స్టిక్కర్ అంటించడమే మానేసింది. పర్యాటక దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది. కొన్ని దేశాల నుంచి దరఖాస్తు చేసేవాళ్లు మాత్రం వేలిముద్రల కోసం సెంటర్‌కు వెళ్లాలి.

ఈ దారిలో తప్పులన్నీ టైపింగ్ దగ్గరే పుడతాయి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున ఒక్కోదానిలో 44 అక్షరాలుండే రెండు వరుసలుంటాయి, వాటిని ఒకసారి శ్రద్ధగా చూడండి. పై వరుసలో దేశపు మూడక్షరాల కోడ్, దాని వెంటే ఇంటిపేరు, తర్వాత రెండు కోణపు గుర్తులు, ఆపైన మిగతా పేరు. కింది వరుసలో మొదటి తొమ్మిది స్థానాలు పాస్‌పోర్టు నంబరుకు కేటాయించినవి. పదో స్థానంలోని అంకె నంబరులో భాగం కాదు, నంబరు సరిగ్గా చదివిందో లేదో యంత్రం చూసుకోవడానికి పెట్టింది. దాన్ని కూడా కలిపి ఎక్కించేవాళ్లు తక్కువేమీ కాదు. ఇంగ్లిష్ O అక్షరాన్ని సున్నాగా, I అక్షరాన్ని ఒకటిగా కొట్టేవాళ్లూ అంతే. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ అనుమతి వేరే పాస్‌పోర్టుకు ఇచ్చినట్టే లెక్క. చెక్-ఇన్ దగ్గర ఆపేస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు.

పేరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లు ఫారంలో సొంతంగా విడగొట్టి రాస్తారు. అలా చేయకండి. ఒకే పేరున్నవాళ్లు ఎలా రాయాలో ఫారం పక్కన సూచన ఉంటుంది. ఉదాహరణకు అమెరికా ఫారంలో, ఉన్న ఒక్క పేరును ఇంటిపేరు గడిలో పెట్టి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ (FNU, మొదటి పేరు తెలియదని అర్థం) అని రాయమంటారు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి కాబట్టి ఒకదాని అలవాటును మరొకదానికి వాడకండి.

సెర్చ్‌లో పైన కనిపించేవి తరచూ ప్రైవేటు సైట్లు. అచ్చం ప్రభుత్వ సైట్‌లా ఉంటాయి, ఫీజు రెండు మూడింతలు లాగుతాయి. అసలు చిరునామాను ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ లేదా విదేశాంగ శాఖ పేజీ నుంచి తీసుకోండి. చెల్లింపు మధ్యలో ఆగిపోతే వెంటనే మళ్లీ కట్టకండి. దరఖాస్తు నంబరుతో స్టేటస్ చూసి, ఖాతాలో డబ్బు తెగిందో లేదో గమనించి, అప్పుడు రెండోసారి ప్రయత్నించండి.

దిగాక తీసుకునే వీసా

ఇది ఈ-వీసా తర్వాత తేలికైన దారిగా కనిపిస్తుంది. ఈ-వీసా కూడా ఉన్న దేశమైతే మేం మాత్రం ఈ-వీసావైపే మొగ్గుతాం. కారణం విమానం కంపెనీ. మీకు ప్రవేశం దొరకకపోతే వెనక్కి తెచ్చే భారం వాళ్లది, అందుకే కౌంటర్లో టిమాటిక్ (విమానయాన సంస్థల సంఘం ఐయాటా నడిపే, దేశాల ప్రవేశ నియమాల డేటాబేస్) చూసి గానీ బోర్డింగ్ పాస్ ఇవ్వరు. అందులో మీ జాతీయతకు షరతు ఉంటే, అంటే తిరుగు టికెట్టో, హోటల్ బుకింగో, ముందస్తు అనుమతి లేఖో కావాలని ఉంటే, అది చేతిలో ఉండాల్సిందే. ఫోన్‌లో ఉంది, నెట్ రావడం లేదంటే వినరు.

దిగాక ఇచ్చే వీసా అన్ని సరిహద్దుల్లోనూ ఇవ్వరు. ప్రధాన విమానాశ్రయాల్లో ఇచ్చి రోడ్డు సరిహద్దులో ఇవ్వని దేశాలు చాలా ఉన్నాయి. ఫీజు నగదుగా, అదీ చిరుగు, గీతలు లేని డాలర్ నోట్లలోనే తీసుకునే చోట్లూ ఉన్నాయి. సరిపడా చిల్లర తీసుకెళ్లండి.

మరో దేశపు కౌంటర్, లేదా వీసా సెంటర్

ఇక వేలిముద్రలు తప్పనిసరి అయిన వీసాల సంగతి. ఎంబసీ లేనివాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే, నిజానికి ఎక్కువ వెసులుబాటు ఉన్నదీ ఇక్కడే.

షెంగెన్ తీసుకుందాం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఒక సభ్య దేశానికి మీ దగ్గర కాన్సులేట్ లేకపోతే, అక్కడ ఉన్న మరో సభ్య దేశం దాని తరఫున దరఖాస్తు తీసుకునేలా ఒప్పందాలు ఉంటాయి. 2009 నాటి వీసా కోడ్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. ఏ దేశంలో ఎవరి తరఫున ఎవరు చూస్తున్నారో యూరోపియన్ కమిషన్ పట్టిక ప్రచురిస్తుంది, ముందు అది చూడండి. లీచెన్‌స్టెయిన్‌కు స్విట్జర్లాండ్, మొనాకోకు ఫ్రాన్స్ చూస్తాయి. అండోరా షెంగెన్‌లో లేదు, కానీ ఫ్రాన్స్ లేదా స్పెయిన్ మీదుగా తప్ప అక్కడికి చేరలేం. వచ్చేటప్పుడు మళ్లీ షెంగెన్‌లో అడుగుపెట్టాలి కాబట్టి ఒకసారి ప్రవేశానికి ఇచ్చిన వీసాతో వెళ్తే అక్కడే చిక్కుకుంటారు. రెండు లేదా పలుమార్ల ప్రవేశం అడగండి.

ఎవరి దగ్గర దరఖాస్తు చేయాలన్నది మీ ఇష్టం కాదు. ఒకే దేశానికి వెళ్తుంటే ఆ దేశం. ఎక్కువ దేశాలైతే ఎక్కువ రోజులు ఉండే దేశం, లేదా ప్రయాణ ఉద్దేశం ఎక్కువగా నెరవేరే దేశం. అది తేలకపోతే మొదట అడుగుపెట్టే దేశం. అయితే ప్రయాణాన్ని ఎలా వేసుకోవాలన్నది మీ చేతిలోనే ఉంది. పది రాత్రుల యాత్రలో కౌంటర్ లేని దేశానికి ఆరు, ఉన్న దేశానికి నాలుగు అనుకున్నారనుకోండి. వాటిని తారుమారు చేసి ఆరు రాత్రులు నిజంగానే రెండో దేశంలో గడిపితే, దరఖాస్తు మీ ఊళ్లోనే ఇవ్వొచ్చు. "నిజంగానే" అన్న మాట ఊరికే వేయలేదు. వీసా కోసం ఒక బుకింగ్ చూపి, తర్వాత రద్దు చేసి వేరేచోట తిరిగితే, సరిహద్దులో అడిగినప్పుడు జవాబుండదు, వీసా రద్దు చేసే అధికారం వాళ్లకు ఉంటుంది.

అంకెలు కూడా దగ్గర పెట్టుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, చివరి గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి 15 రోజులు, అవసరమైతే 45 దాకా సాగదీయొచ్చు. ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి ఉచితం. ప్రయాణ వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలల గడువుతో, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి.

వేలిముద్రల విషయంలో ఒక మేలు ఉంది. షెంగెన్‌కు ఒకసారి ఇచ్చినవి 59 నెలల వరకు తర్వాతి దరఖాస్తులకు పనికొస్తాయి. కెనడాకు ఇచ్చినవి పదేళ్లు చెల్లుతాయి. కాబట్టి మొదటిసారి మనిషే వెళ్లాల్సి వచ్చిన దారి, రెండోసారికి పాస్‌పోర్టు పంపితే సరిపోయే దారిగా మారొచ్చు. పాత వీసా స్టిక్కర్ కాపీని కొత్త దరఖాస్తుకు జతచేయండి.

ఎంబసీ లేకున్నా వీఎఫ్‌ఎస్ గ్లోబల్, టీఎల్‌ఎస్ కాంటాక్ట్, బీఎల్‌ఎస్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల సెంటర్ మీ రాజధానిలో ఉండొచ్చు. వాళ్లు కాగితాలు, వేలిముద్రలు తీసుకుని పక్క దేశంలోని కాన్సులేట్‌కు పంపుతారు. నిర్ణయం వాళ్లది కాదు. కౌంటర్లో "ఇది చాలు" అన్నారని ఒక కాగితం మానేయకండి, జాబితాలో ఉంటే పెట్టండి. ఫైలు సరిహద్దు దాటి వెళ్లి రావాలి కాబట్టి నిర్ణయానికి పట్టే రోజుల మీద రవాణా రోజులు కలుపుకోండి. ఇక్కడ ఇచ్చే సేవా రుసుము వీసా ఫీజుకు అదనం.

ఈ దారికి మేం ఎక్కువ మార్కులు వేస్తాం. మీరు కదలరు, పాస్‌పోర్టును పంపే బాధ్యత సంస్థది, రసీదు చేతిలో ఉంటుంది. అపాయింట్‌మెంట్లు తొందరగా దొరకకపోవడమే దీని ప్రధాన లోపం.

పాస్‌పోర్టును కొరియర్‌లో పంపడం

వేలిముద్రలు అడగని, స్టిక్కర్ మాత్రం అంటించే దేశాలకు ఇది నప్పుతుంది. మొదట రెండు సంగతులు తేల్చుకోండి. పాస్‌పోర్టును దేశం బయటికి కొరియర్‌లో పంపడానికి మీ దేశపు చట్టం, ఆ కొరియర్ సంస్థ నియమాలు ఒప్పుకుంటాయా? అవతలి ఎంబసీ కొరియర్ కుర్రాడి చేతికి పాస్‌పోర్టు తిరిగి ఇస్తుందా? రెండో ప్రశ్న అడగకుండా పంపినవాళ్లు, వీసా అయ్యాక ఎవరినైనా పంపి తీసుకెళ్లమని ఫోన్ వస్తే తలపట్టుకోవాల్సి వస్తుంది.

లోపల రెండో కవరు పెట్టండి, తిరుగు చార్జీ ముందే కట్టిన బిల్లు దానిపై అంటించండి. ఆ బిల్లులో పంపేవారిగా ఎంబసీ చిరునామా, అందుకునేవారిగా మీ చిరునామా, డబ్బు మీ ఖాతా నుంచి అని ఉండాలి. మీ ఊళ్లో మామూలుగా కొన్న బిల్లు మీ దేశం నుంచి బయటికి పంపడానికే పనికొస్తుంది, అవతలి దేశంలో ఎత్తుకోరు. దిగుమతి బిల్లు అడిగి తీసుకోండి, దాని గడువు ఎన్ని రోజులో చూడండి. పాస్‌పోర్టులో రాత ఉన్న ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి. కొరియర్ బీమా ఉన్నా, పోయిన పాస్‌పోర్టులోని పాత వీసాలు తిరిగి రావు.

ఫీజు సంగతి ఇక్కడ తరచూ మెలిక పడుతుంది. నగదు కవర్లో పెట్టకూడదు, కార్డు తీసుకునే ఏర్పాటు చిన్న ఎంబసీల్లో ఉండదు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే మధ్యలో ఉన్న బ్యాంకు తన కమీషన్ కోసుకుంటుంది, చేరాల్సిన మొత్తం తగ్గుతుంది, ఫైలు ఆగుతుంది. చార్జీలన్నీ పంపేవారే భరిస్తారన్న ఆప్షన్ పెట్టి పంపి, ఆ రసీదు జతచేయండి.

ఒక్కో వైపు వారం, ఎంబసీలో నిర్ణయానికి చెప్పినన్ని రోజులు, పైన ఇంకో వారం. ఈ లెక్కకు తక్కువ సమయం ఉంటే ఈ దారి వద్దు. అన్నాళ్లూ మీ పాస్‌పోర్టు మీ దగ్గర ఉండదు, అత్యవసరంగా వేరే దేశం వెళ్లాల్సి వస్తే వెళ్లలేరు. తరచూ ప్రయాణించేవారికి కొన్ని దేశాలు రెండో పాస్‌పోర్టు ఇస్తాయి. మీ దేశంలో ఆ వీలుంటే ఇలాంటి సందర్భానికే దాన్ని దాచుకోండి.

స్వయంగా మూడో దేశానికి వెళ్లడం

వేలిముద్రలో, ఇంటర్వ్యూనో తప్పనప్పుడు, దగ్గర్లో సెంటర్ లేనప్పుడు ఇదే మిగులుతుంది. లెక్క వేసేటప్పుడు విమానం టికెట్ దగ్గర ఆగకండి. ఆ మూడో దేశానికి మీకు వీసా కావాలా? మధ్యలో ట్రాన్సిట్ వీసా కావాలా? హోటల్ ఎన్ని రాత్రులు, సెలవు ఎన్ని రోజులు? ఇవన్నీ కలిపితే చాలాసార్లు అసలు యాత్ర ఖర్చును దాటిపోతుంది.

ప్రమాదం తేదీల దగ్గర ఉంటుంది. మూడో దేశం మీకు 30 రోజుల బస ఇచ్చిందనుకుందాం. మొదటి వారంలో దరఖాస్తు ఇచ్చారు, 15 రోజుల్లో వస్తుందనుకున్నారు. అదనపు పరిశీలనకు వెళ్లి 45 రోజులకు సాగింది. 30వ రోజు మీ బస గడువు ముగుస్తుంది, పాస్‌పోర్టు మాత్రం ఎంబసీ అల్మారాలో ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక్కి తీసుకుంటే దరఖాస్తు పోతుంది, ఉండిపోతే అక్కడి చట్టం ఉల్లంఘించినట్టు. దరఖాస్తు ఇచ్చే ముందే, పరిశీలన జరుగుతుండగా పాస్‌పోర్టు మన దగ్గర ఉంచుకోవచ్చా అని అడగండి. కొన్ని చోట్ల వేలిముద్రలు, కాపీలు తీసుకుని పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేస్తారు, నిర్ణయం అయ్యాక స్టిక్కర్‌కు మాత్రమే పిలుస్తారు. అప్పుడు రెండుసార్లు వెళ్లాలి కాబట్టి మూడో దేశపు వీసా పలుమార్ల ప్రవేశానికి ఉండాలి. పాస్‌పోర్టు ఇవ్వక తప్పకపోతే, ఇచ్చే ముందు ఫొటో పేజీ, ఆ దేశపు ప్రవేశ ముద్ర ఉన్న పేజీ కాపీ తీసుకుని ఎంబసీ రసీదుతో కలిపి ఉంచండి. హోటల్‌ మార్చాల్సి వస్తే అవే ఆధారం.

క్యూ తక్కువ ఉన్న దేశం వెతుక్కుని వెళ్లే పాత అలవాటుకు తలుపులు మూసుకుంటున్నాయి. అమెరికా 2025 సెప్టెంబర్ 6న ప్రకటించిన నియమం ప్రకారం వలసేతర వీసా (పర్యాటకం లాంటి తాత్కాలిక ప్రయాణాలకు ఇచ్చేది) దరఖాస్తుదారులు తమ జాతీయత ఉన్న దేశంలో లేదా నివసించే దేశంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. తాము మామూలు వీసా పని చేయని దేశాలవారికి మాత్రం చోటు నిర్ణయించింది. అప్పటి జాబితాలో ఇరాన్‌వారికి దుబాయ్, సిరియావారికి అమ్మాన్, వెనిజులావారికి బొగోటా, సోమాలియావారికి నైరోబీ ఉన్నాయి. వేరేచోట ఫీజు కట్టేస్తే అది తిరిగి రాదు, ఇంకో చోటికి మారదు. షెంగెన్‌లోనూ నివాసం ఉన్నచోట దరఖాస్తు చేయడమే నియమం. తాత్కాలికంగా ఉన్న దేశంలో ఇస్తే అక్కడే ఎందుకు ఇస్తున్నారో చెప్పి ఒప్పించాలి.

ఇంత చెప్పినా, ఒక్క సందర్భంలో మేం ఈ దారినే ముందు పెడతాం. గతంలో తిరస్కరణ ఉండి, దానికి కారణం తప్పుగా అర్థమైన కాగితాలే అయినప్పుడు. మీ దేశాన్ని తన పరిధిలో చూసే ఎంబసీ దగ్గర, అధికారి ఎదుట అదే కాగితం పెట్టి నోటితో వివరించే అవకాశం కొరియర్ కవరుకు ఉండదు.

గౌరవ కాన్సుల్, ఏజెంట్

మీ ఊళ్లో గౌరవ కాన్సుల్ (పూర్తికాలపు దౌత్యాధికారి కాకుండా, ఆ దేశం తరఫున స్థానికంగా పనులు చూసే వ్యక్తి) ఉన్నారంటే సంబరపడకండి. ఎక్కువమందికి వీసా ఇచ్చే అధికారం ఉండదు. కొందరు కాగితాలు తీసుకుని ఎంబసీకి పంపుతారు, అది మంచి సాయమే. అయితే ఆ సంగతి ఎంబసీ నోట విన్నాకే పాస్‌పోర్టు ఇవ్వండి. ఏజెంట్ల విషయంలోనూ ఇదే: మీ తరఫున దాఖలు చేయడానికి ఎంబసీ ఎవరినైనా అనుమతిస్తుందా, అధికార పత్రం ఏ రూపంలో అడుగుతుంది అన్నవి ముందు తెలుసుకోండి. ఎవరు నింపినా ఫారం మీద సంతకం మీది, అందులోని అబద్ధం కూడా మీ ఖాతాలోకే వస్తుంది. సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదవండి.

ఉన్న వీసాతో తెరుచుకునే తలుపులు

చాలామంది చూడని దారి ఇది. అమెరికా, కెనడా, జపాన్, బ్రిటన్, షెంగెన్‌లలో దేనికైనా చెల్లుబాటయ్యే వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. పలుమార్ల ప్రవేశపు షెంగెన్ వీసా ఉన్నవాళ్లను అల్బేనియా, ఉత్తర మెసిడోనియా లాంటి బాల్కన్ దేశాలు రానిస్తాయి. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ కలిపి 90 రోజుల తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసా 100 డాలర్లకు ఉంది. మొదట అడుగుపెట్టేది మాత్రం వీసా ఇచ్చిన దేశంలోనే. కష్టపడి ఒక పెద్ద వీసా తీసుకోవాల్సే వస్తే, దాని గడువులోనే ఇలాంటి రెండో యాత్రనూ కలుపుకోండి. ఎంబసీ లేని దేశాల బాధ కొంత అక్కడే తీరుతుంది. షరతులు మాత్రం దేశానికో రకం: వీసా ఒకసారైనా వాడి ఉండాలని కొందరు, మీరు దిగే రోజుకు దానికి గడువు మిగిలి ఉండాలని కొందరు.

ఎవరికి ఏది?

ప్రయాణానికి ఆరు వారాలే ఉంటే ఈ-వీసా ఉన్న దేశానికి గమ్యం మార్చుకోవడమే మంచిది. స్టిక్కర్ వీసా ఆ సమయంలో రావొచ్చు, రాకపోవచ్చు. ఆ అనుమానం మీద డబ్బు వెనక్కి రాని టికెట్ కొనకండి.

మూడు నెలలు ఉంటే మరో దేశపు కౌంటర్ లేదా వీసా సెంటర్ దారి హాయిగా సరిపోతుంది. అపాయింట్‌మెంట్ ముందు తీసుకుని, ఆ తేదీకి కాగితాలు సిద్ధం చేసుకోండి. కాగితాలన్నీ అయ్యాక అపాయింట్‌మెంట్ వెతికితే తాజా బ్యాంకు స్టేట్‌మెంటు కాస్తా పాతదైపోతుంది.

పిల్లలతో వెళ్లే కుటుంబాలు మూడో దేశం దారిని వీలైనంత తప్పించుకోవాలి. షెంగెన్‌కు 12 ఏళ్లలోపు పిల్లల వేలిముద్రలు అక్కర్లేదు కాబట్టి, పెద్దవాళ్లు మాత్రమే వెళ్లి పిల్లల దరఖాస్తులూ ఇవ్వొచ్చా అని అడిగి చూడండి. తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రానికి నోటరీ కావాలి, కొన్నిచోట్ల దానిపై అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా మీ ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా అడుగుతారు. మీ దేశం 1961 నాటి హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో లేకపోతే ఆ పత్రాన్ని ఎంబసీయే ధ్రువీకరించాలి. ఆ ఎంబసీయే లేదు కదా, అందుకే ఈ ఒక్క కాగితానికి నెల ముందు నుంచి తిరగడం మొదలుపెట్టండి.

ఏ దారిలో వచ్చినా వీసా చేతికందిన నిమిషంలో అక్కడే నిలబడి చదవండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎన్నిసార్లు ప్రవేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. షెంగెన్ స్టిక్కర్‌లో తేదీల మధ్య ఉన్న రోజులన్నీ ఉండొచ్చని కాదు. బస రోజుల సంఖ్య వేరే గడిలో ఉంటుంది, ఉండగలిగేది అన్ని రోజులే. తేదీల్లో కనిపించే అదనపు రోజులు విమానం ఆలస్యమైతే వాడుకోవడానికి. తప్పు కౌంటర్ దగ్గరే కనిపెడితే అరగంటలో సరిచేస్తారు. ఇంటికొచ్చాక కనిపెడితే పాస్‌పోర్టు మళ్లీ సరిహద్దు దాటాలి.